దేవుడు మీకు చెబితే మా అమ్మాయికీ చెబుతాడు కదా!

క్రైస్తవ కుటుంబాల్లో ఆడవాళ్లం నలుగురం చేరితే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకటి, "వాక్యంలో ఇలా ఉంది" అని. రెండోది, "ప్రభువు నాతో చెప్పాడు" అని. మొదటి మాట మీద వాదన వచ్చినా ఫరవాలేదు, పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. రెండో మాట వచ్చిందంటే మాత్రం గదిలో అందరూ సర్దుకుని కూర్చుంటారు. కాదంటే దేవుణ్ణే కాదన్నట్టు. అవునంటే ఆ చెప్పిన మనిషి చేతిలో మన ఇంటి తాళం పెట్టినట్టు.

దేవుడు ఇప్పటికీ మనుషులతో నేరుగా మాట్లాడతాడా, లేక చెప్పాల్సిందంతా బైబిల్లో చెప్పేశాడా? ఇది పాస్టర్లూ, బైబిలు కాలేజీల వాళ్లూ తేల్చుకోవాల్సిన సంగతి అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. పిల్ల పెళ్లి, పెద్దవాళ్ల ఆపరేషను, ఊళ్లో స్థలం అమ్మడం... ఈ ప్రశ్న తిరిగి తిరిగి చివరికి మన వంటింట్లోకే వస్తుంది. మా ఇంట్లోకి అలాగే వచ్చింది.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా పుట్టింటివాళ్లది గుంటూరు, బైబిలు మిషను. మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో పనిచేసినవారు. 1938 జనవరి 31న రాజమండ్రిలో ఆయన ప్రార్థనలో ఉండగా "బైబిలు మిషను" అనే మాటలు వెలుగు అక్షరాల్లో కనిపించాయని మా వాళ్లు చెప్పుకుంటారు. ఆ ఒక్క దర్శనం మీదే ఆ సంఘం మొదలైంది. ఏటా జనవరి నెలాఖరులో గుంటూరు దగ్గర జరిగే మహాసభలకు ఎంతమంది జనం వస్తారో ఆ రోజుల్లో విజయవాడ రోడ్డు మీద బస్సెక్కినవాళ్లకు తెలుసు. అయ్యగారు నేర్పింది ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ మతాన్నీ ఏ మిషనునీ దూషించకు, అనుమానం వస్తే నేరుగా దేవుణ్ణే అడుగు, ఆయన చెబుతాడు. అందుకే మా అమ్మ తెల్లవారుజామున లేచి, చాప పరుచుకుని, ఏమీ అడక్కుండా ఊరికే కూర్చుంటుంది. దాన్ని సన్నిధిలో కనిపెట్టడం అంటారు.

మెట్టినింటివాళ్లది నల్లగొండ వైపు, బాప్టిస్టులు. అత్తమ్మ బడికి వెళ్లింది ఐదో తరగతి దాకానే. కానీ బైబిలు మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు పూర్తి చేసిందో ఆమెకే లెక్కలేదు. రోజుకు మూడు అధ్యాయాలు. దేవుడు మాట్లాడడం అంటే ఆమెకు అదే. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు కదా, మనందరం కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటామే, అది కూడా ఆమెకు నచ్చదు. "గిది ఉగాది పంచాంగం లెక్కనే ఉన్నది బిడ్డా. పుస్తకమంత మనదే అయినంక ఒక్క ముక్క చింపుకునుడు ఎందుకు?" అంటుంది.

ఈ ఇద్దరి మధ్యా నేను ఇరవై మూడేళ్లుగా అఫ్జల్‌గంజ్‌లో కాపురం చేస్తున్నాను. మా వారు సిద్దిఅంబర్ బజార్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తారు. మా వీధికి అటు గౌలిగూడ గురుద్వారా, ఇటు మసీదు, నాలుగు అడుగులేస్తే గుడి. దేవుడు ఎలా మాట్లాడతాడన్న ప్రశ్నకు ఇక్కడ ఒక్కో గుమ్మం ఒక్కో జవాబు చెబుతుంది. ఇక ప్రవక్త రాడు, చివరి మాట వచ్చేసింది అని ముస్లిముల నమ్మకం. సిక్కుల పదో గురువు 1708లో నాందేడ్‌లో, తన తర్వాత గ్రంథమే గురువు అని చెప్పారు. వాళ్లు రోజూ ఆ గ్రంథాన్ని తెరిచి, తెరిచినచోట ఉన్నదాన్ని ఆ రోజుకు గురువు ఆజ్ఞగా తీసుకుంటారు. అంటే పుస్తకమే, కానీ ఆ రోజుకు ప్రత్యేకంగా మాట్లాడే పుస్తకం. మన హైదరాబాదులో 1950లో హెబ్రోను స్థాపించిన భక్తసింగ్ గారు పంజాబు సిక్కు కుటుంబంలోనే పుట్టారు. కెనడాలో చదువుకునేటప్పుడు బైబిలు చదువుతూ మారిన మనిషి. వాక్యం మీద అంత పట్టున్న ఆయన కూడా దేవుడు కదలమంటే తప్ప ఊరు కదిలేవారు కారని పేరు. అంటే ఈ రెండు దారులూ ఒకే మనిషిలో కలిసి ఉండడం కొత్తేమీ కాదు.

ఇక అసలు విషయం. మా పెద్దమ్మాయి నర్సింగ్ పూర్తి చేసి ఉద్యోగంలో చేరిన ఏడాది అది. మా గృహకూటానికి వచ్చే ఒక అక్క, నిజంగా ప్రార్థనాపరురాలు, నా కాన్పులప్పుడు నాకు అన్నం వండి పెట్టిన మనిషి, ఒక రోజు మధ్యాహ్నం వచ్చి కూర్చుంది. "వందనాలు అక్కా. రాత్రి ప్రభువు నాకు దర్శనంలో చూపించాడు. మీ పెద్దమ్మాయి తెల్ల చీర కట్టుకుని ఉంది, పక్కన ఫలానా అబ్బాయి. వాడే మీ అల్లుడు" అంది. అబ్బాయి మంచివాడే. చదువుంది, ఉద్యోగం ఉంది, కుటుంబం తెలిసినదే. మా వారికి నచ్చాడు కూడా. మా అమ్మాయికి మాత్రం ఇష్టం లేదు. కారణం అడిగితే, "మంచివాడే అమ్మా, కానీ ఆ మనిషితో మాట్లాడడానికి నాకేమీ దొరకదు" అంది.

మామూలు సంబంధమైతే అక్కడితో అయిపోయేది. కానీ ఇది దేవుడు చెప్పిన సంబంధం. వారం రోజులు ఆ పిల్ల సరిగ్గా నిద్రపోలేదు. నైట్ డ్యూటీ నుంచి వచ్చి కూడా కళ్లు తెరుచుకునే పడుకునేది. ఒక రోజు నన్ను అడిగింది: "నేను వద్దంటే దేవుడు నన్ను శిక్షిస్తాడా అమ్మా?" ఇరవై రెండేళ్ల పిల్ల నోట్లోంచి ఆ మాట వినడం ఎలా ఉంటుందో తల్లులకు చెప్పక్కర్లేదు.

ఇద్దరు పెద్దవాళ్లనీ అడిగాను. అమ్మ తప్పకుండా అక్క పక్షం తీసుకుంటుందనీ, అత్తమ్మ దర్శనం అన్న మాటే కొట్టిపారేస్తుందనీ మా వారు ముందే జోస్యం చెప్పారు. అలా జరగలేదు.

అత్తమ్మ అంతా విని, "గామె అబద్ధం ఆడుతున్నదని నేననను" అంటూ బైబిలు తెచ్చి ఆదికాండం తీసింది. ఇస్సాకుకు పిల్లను వెతకడానికి అబ్రాహాము సేవకుడు వెళ్లిన కథ. బావి దగ్గర నిలబడి, నాకూ నా ఒంటెలకూ నీళ్లు పోసే పిల్లే ఆ పిల్ల అని గుర్తు పెట్టుకున్నాడు. ప్రార్థన పూర్తి కాకముందే రిబ్కా కుండ ఎత్తుకుని వచ్చింది. అంతకన్నా స్పష్టమైన గుర్తు ఇంకేం కావాలి? అయినా మర్నాడు ఇంటివాళ్లు ఏం చేశారు? పిల్లను పిలిచి, ఈ మనిషితో వెళతావా అని అడిగారు. ఆమె వెళతానన్నాకే ప్రయాణం కట్టారు. "సూసినవా బిడ్డా, దేవుడు సూపెట్టినంక గూడ పిల్లనడిగిన్రు" అంది అత్తమ్మ. ఆ అధ్యాయం నేను చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో వింటూనే ఉన్నాను. కుండ, ఒంటెలు అందరూ చెప్పారు. పిల్లను అడిగారన్న ముక్క మీద ఆగి ప్రసంగం చేసినవాళ్లు నాకు తగల్లేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నవ్వి, "ఇందులో గొడవేముందే. దేవుడు ఆవిడకి చెబితే మన పిల్లకీ చెబుతాడు కదా! మన పిల్ల అడ్రసు ఆయన దగ్గర లేదా? అడగమను. మన అయ్యగారు నేర్పిందే అది, ఒకరు విన్నది ఇంకొకరు మోయక్కర్లేదు, ఎవరికివాళ్లు అడిగి తెలుసుకోవాలి" అంది.

ఒకరు రాసిందే వాక్యం అనే మనిషి. ఇంకొకరు ఇప్పటికీ స్వరం వస్తుందనే మనిషి. ఇద్దరూ వేర్వేరు దార్లలో వచ్చి ఒకే గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఆ రాత్రి నుంచి నేను ఇదే కళ్లతో బైబిలు మళ్లీ చదవడం మొదలుపెట్టాను.

గబ్రియేలు దూత మరియతో మాట్లాడాడు. ఆ మాట నమ్మమని యోసేపును ఒప్పించే బరువు మరియ మీద పడలేదు. యోసేపుకు కలలో విడిగా చెప్పాడు దేవుడు. కొర్నేలీ ఇంట్లో దర్శనం వస్తే, పేతురుకు యొప్పేలో మేడ మీద ఇంకో దర్శనం. సౌలుకు దమస్కు దారిలో వెలుగు కనిపిస్తే, ఊళ్లో ఉన్న అననీయకు విడిగా పిలుపు. ఇద్దరి బతుకుల్ని కలిపి ముడేసే మాటైతే ఆయన ఇద్దరికీ చెప్పాడు. చివరికి అగబు అనే ప్రవక్త, యెరూషలేములో నిన్ను బంధిస్తారని పౌలుకు చెప్పినప్పుడు కూడా, అక్కడున్న వాళ్లంతా వెళ్లొద్దని ఏడ్చారు, పౌలు వెళ్లాడు. ప్రవచనం నిజమే అయింది. కానీ ఏం చేయాలన్న నిర్ణయం పౌలు చేతిలోనే ఉంది.

మన తెలుగు నేల మీదే ఇలాంటి సంగతి ఒకటి ఉంది. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లవ్ దొరగారు తన జీవిత కథలో చెప్పుకున్నది. ఎర్రగుంట్ల పేరయ్య గారి వెనక మాదిగ పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. ఊళ్లో పెద్ద కులాలవాళ్లు వచ్చి, వాళ్లను చేర్చుకుంటే మేం రాము అన్నారు. ఏం చేయాలో తోచక ఆయన ఒక గదిలో ప్రార్థనకు కూర్చుని, అక్కడున్న బైబిళ్లలో ఒకటి తీసి తెరిస్తే, దేవుడు లోకంలో బలహీనుల్నీ నీచంగా చూడబడేవాళ్లనీ ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక భాగం వచ్చింది. ఇంకో గదిలో ఆయన భార్య విడిగా ప్రార్థించి, తన బైబిలు తెరిస్తే ఆమెకూ అదే భాగం వచ్చింది. వచ్చినవాళ్లను చేర్చుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇది నేరుగా మాట్లాడడమా, పుస్తకం ద్వారా మాట్లాడడమా? రెండూ అనిపిస్తుంది నాకు. నాకు ముఖ్యంగా తోచేది ఇంకొకటి. దొరగారు తనకు వచ్చిన మాట పట్టుకుని భార్యను ఒప్పించాల్సిన పని పడలేదు. ఆమె తన గదిలో తను విడిగా విన్నది.

బీఏ తెలుగు చదివినదాన్ని కాబట్టి నాకు ఇంకో సంగతి కూడా కనబడుతుంది. మన కూటాల్లో ప్రవచనం చెప్పేవాళ్లను గమనించండి. అప్పటిదాకా "ఏమ్మా, టీ తాగావా" అన్న మనిషి, కళ్లు మూసుకోగానే "నా కుమారీ, నేను నీకు తోడైయుండి నిన్ను నడిపించుచున్నాను" అని గ్రాంథికంలోకి వెళ్లిపోతుంది. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం అంత పోరాడారు కానీ, మన దేవుడికి ఇంకా వ్యావహారికం రాలేదేమో అని నవ్వుకుంటాను. ఇది ఎగతాళికి అనడం లేదు. నేరుగా వచ్చిందనుకునే మాట కూడా మన దాకా వచ్చేసరికి పాత తెలుగు బైబిలు చీరే కట్టుకుని వస్తుంది. చిన్నప్పటి నుంచి చెవిలో పడ్డ వాక్యమే మనసు అడుగున ఉండి, అవసరానికి పైకి తేలుతుంది. కాబట్టి వాక్కు వేరు, వాక్యం వేరు అని గట్టిగా గోడ కట్టేవాళ్లు తెలుగు కూటాలకు ఎక్కువగా వచ్చి ఉండరు.

అలా అని, "దేవుడు ఇప్పుడు మాట్లాడడు, అంతే" అని తలుపు వేసేయడం కూడా నాకు చేతకాదు. అలా చెప్పిన పెద్దలు తక్కువవాళ్లేం కాదు. 1640లలో లండన్‌లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం మొదటి అధ్యాయంలోనే, పూర్వం దేవుడు తన చిత్తం తెలియజేసిన ఆ పద్ధతులు ఇప్పుడు ఆగిపోయాయని రాశారు. హెబ్రీ పత్రిక మొదట్లో, ప్రవక్తల కాలం ఒకటి, కుమారుడు వచ్చాక మరొకటి అని ఉండడం వాళ్ల బలం. కానీ అదే కొత్త నిబంధనలో ఫిలిప్పు అనే సువార్తికుడికి నలుగురు కూతుళ్లు ప్రవచించేవాళ్లని ఉంది. ప్రవచనాన్ని తృణీకరించవద్దనీ, అన్నిటినీ పరీక్షించి మేలైనది పట్టుకోమనీ పౌలు థెస్సలొనీకవాళ్లకు రాశాడు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మనం ఒకటి చదివి రెండోది వదిలేస్తాం. కొట్టిపారేసేవాళ్లు మొదటిది వదిలేస్తారు, గుడ్డిగా నమ్మేవాళ్లు రెండోది వదిలేస్తారు.

ఆడవాళ్లలో నాకు పండిత రమాబాయి గారు ఆదర్శం. 1905లో పూనా దగ్గర కేడ్గావ్‌లో ఆమె నడిపిన ముక్తి మిషనులో వితంతువుల మధ్య, అనాథ పిల్లల మధ్య పెద్ద ఉజ్జీవం వచ్చింది. ఆత్మ దిగివచ్చిందని దేశదేశాల్లో చెప్పుకున్నారు. స్వరమే చాలు అనుకుంటే ఆమె అక్కడితో ఆగిపోవచ్చు. ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చుకుని, మామూలు ఆడవాళ్లు చదువుకోగల మరాఠీలోకి బైబిలు తర్జుమా చేస్తూ కూర్చుంది. 1922లో చనిపోయే ముందు దాకా ఆ పనిలోనే ఉంది. స్వరం విన్నవాళ్లకు పుస్తకం అక్కర్లేదనేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు రమాబాయి.

మా అమ్మాయి ఆస్పత్రిలో రెండూ చూస్తుంది. స్వస్థత వచ్చేసిందని ఎవరో చెబితే ఇన్సులిన్ మానేసి, కాలు పుండుతో వచ్చే తల్లులుంటారు. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్తుంటే, "రాత్రి దేవుడు నాకు ధైర్యం చెప్పాడమ్మా" అంటూ నవ్వుతూ వెళ్లేవాళ్లూ ఉంటారు. "రెండో రకం వాళ్లకు బీపీ కూడా సరిగ్గా ఉంటుందమ్మా" అంటుంది. మొదటి దాంట్లో ఒకరు విన్న మాటకు ఇంకొకరు మూల్యం కట్టారు. రెండో దాంట్లో ఎవరి మాట వాళ్లే విన్నారు, మందూ మానలేదు.

మా ఇంట్లో నిజంగా తేలని సంగతి కూడా ఒకటుంది. ఒక రాత్రి రెండు గంటలకు అమ్మకు మెలకువ వచ్చి, తమ్ముడికి ఫోన్ చేయమని ఎవరో చెప్పినట్టు అనిపించిందట. తమ్ముడు ఛాతీలో మంటను గ్యాస్ అనుకుని పడుకున్నాడు. ఫోన్ మోతకు మరదలు లేచి, వాడి చెమటలు చూసి ఆస్పత్రికి తీసుకెళ్లింది. స్టెంట్ వేశారు. బతికాడు. "సాయంత్రం ఫోన్‌ల కొడుకు గొంతు ఎట్లనో ఉన్నదని తల్లికి తెలిసి ఉంటది. అది తల్లి మనసు" అంటుంది అత్తమ్మ. "తల్లికి ఆ మనసు ఇచ్చిందెవరు వదినగారూ?" అంటుంది అమ్మ. ఇప్పటికీ ఇద్దరూ కలిస్తే ఈ చర్చ వస్తుంది, ఒకరి విస్తట్లో ఒకరు పప్పు వడ్డించుకుంటూనే వాదించుకుంటారు. నాకు తేలినంత వరకు ఒక్కటే: ఆ స్వరం వల్ల నిద్ర పోగొట్టుకున్నది అమ్మే. దానివల్ల ఆవిడకు ఎవరి మీదా పెత్తనం రాలేదు.

అందుకే ఎవరైనా ప్రభువు చెప్పాడంటే నేనిప్పుడు మనసులో మూడు ప్రశ్నలు వేసుకుంటాను. వాక్యానికి ఇది ఎదురు నిలుస్తుందా? ఈ మాట ఖరీదు కట్టేది విన్న మనిషా, వినని మనిషా? అడిగి చూసుకోవడానికి నాకు సమయం ఇస్తున్నారా, తొందరపెట్టి భయపెడుతున్నారా? రాజుల గ్రంథంలో, దూత నాతో చెప్పాడని ఒక ముసలి ప్రవక్త అబద్ధమాడితే, దేవుడు తనకే స్వయంగా చెప్పిన మాట వదిలి ఆయన వెంట భోజనానికి వెళ్లిన దైవజనుడు దారిలో సింహం పాలయ్యాడు. అబద్ధమాడిన ముసలాయన కాదు, నమ్మి వెళ్లినవాడు. ఆ కథ చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అక్కకు మేం ఏం చెప్పామంటారా? టీ ఇచ్చి, "మీ ప్రార్థనకు వందనాలు అక్కా. మా అమ్మాయి కూడా ప్రభువును అడుగుతుంది. ఆమెకూ చెబితే సంతోషంగా ముందుకు వెళతాం" అన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. రెండు వారాలు కూటానికి రాలేదు. తర్వాత మామూలుగానే వచ్చింది. పోయిన క్రిస్మస్‌కు మా ఇంటి అరిసెల పాకం పట్టింది కూడా ఆమే.

మా అమ్మాయి మూడు వారాలు ప్రార్థన చేసింది. పొద్దున అమ్మమ్మలా కాసేపు ఊరికే కూర్చునేది, రాత్రి నానమ్మ పక్కన చేరి రెండు అధ్యాయాలు చదివేది. చివరికి వచ్చి, "నాకు ఏ స్వరమూ వినబడలేదమ్మా. కానీ భయం పోయింది. నాకు ఈ సంబంధం వద్దు" అంది. అబ్బాయి వాళ్లకు మర్యాదగా చెప్పాం. అతనికి పోయినేడు పెళ్లయింది, భార్యాభర్తలు చూడముచ్చటగా ఉన్నారు. మా అమ్మాయికి ఇంకా కుదరలేదు. చుట్టాలు అడుగుతూనే ఉన్నారు, అక్క దర్శనాన్ని కాదన్నందుకే ఆలస్యమవుతోందని వెనకాల అనుకునేవాళ్లూ ఉన్నారని నాకు తెలుసు. అననివ్వండి.

భయం పోవడం దేవుడి మాట అవునా కాదా అని మీరడిగితే, అమ్మ అవునంటుంది. అత్తమ్మ, భయపడొద్దని పుస్తకంలో అన్ని చోట్ల రాసి ఉండగా మళ్లీ కొత్తగా చెప్పేదేముంది అంటుంది. పిల్ల మాత్రం నైట్ డ్యూటీ నుంచి వచ్చి, టిఫిన్ తిని, తలుపు దగ్గరగా వేసుకుని పడుకుంటుంది. ఇప్పుడు హాయిగా నిద్రపోతోంది.